నాజీ శిబిరాల్లో చెంచా, గిన్నె, దువ్వెన: ఏది దోపిడీ సొత్తు, ఏది ఖైదీ దాచుకున్నది?

క్లుప్తంగా: హోలోకాస్ట్ (రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు సాగించిన యూదుల సామూహిక హత్య) మ్యూజియంలలో కనిపించే ఇంటి సామాన్లకు రెండు వేర్వేరు చరిత్రలు ఉన్నాయి. కుప్పలుగా పెట్టిన గిన్నెలు, సూట్‌కేసులు, బూట్లలో చాలావరకు రైలు దిగగానే లాక్కున్నవి. ఖైదీలు శిబిరం లోపల సంపాదించుకుని, తయారుచేసుకుని, దాచుకున్న వస్తువులు చాలా కొద్ది. మొదటివి హత్యాకాండ వెనక సాగిన దోపిడీకి సాక్ష్యం. రెండోవి శిబిరంలో రోజు ఎలా గడిచేదో చెబుతాయి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ప్రదర్శన, యాజమాన్యం, వేలం వంటి విషయాలపై గందరగోళం వస్తోంది.

2025 నవంబర్‌లో జర్మనీలోని నోయిస్ పట్టణంలో ఒక వేలం జరగాల్సి ఉంది. నాజీ శిబిరాల నుంచి ఖైదీలు రాసిన ఉత్తరాలు, బాధితులకు సంబంధించిన కాగితాలు అందులో అమ్మకానికి పెట్టారు. అంతర్జాతీయ ఆష్విట్జ్ కమిటీ (ఆష్విట్జ్ ఆక్రమిత పోలండ్‌లోని అతిపెద్ద నాజీ శిబిరం), పోలండ్ ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పడంతో వేలం రద్దయింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ పాఠకులకు ఒక అనుమానం వస్తుంది. అంత కఠినమైన శిబిరాల్లో ఖైదీల దగ్గర సొంత వస్తువులు ఎలా మిగిలాయి? ఆష్విట్జ్ మ్యూజియం ఫొటోల్లో కనిపించే వేలాది గిన్నెలు, గరిటెలు ఖైదీలు వాడుకున్నవేనా?

దాదాపుగా కావు. ఎందుకు కావో తెలియాలంటే ఆ సామాను శిబిరం దాకా ఎలా వచ్చిందో ముందు చూడాలి.

సామాను సర్దుకోమని చెప్పింది ఎవరు

జర్మనీ నుంచి, ఆక్రమిత దేశాల నుంచి యూదులను తరలించేటప్పుడు అధికారులు లిఖితపూర్వకంగా సూచనలు ఇచ్చేవారు. 1941 శరదృతువులో జర్మన్ నగరాల నుంచి తూర్పుకు పంపినవారికి మనిషికి 50 కిలోల సామాను అనుమతించారు. పేరు, చిరునామా సూట్‌కేసు మీద పెద్ద అక్షరాలతో రాసుకోమన్నారు. పనికి తీసుకెళ్తున్నాం, కొత్త చోట స్థిరపరుస్తాం అనే మాట ఆ సూచనలతో పాటే వచ్చేది.

ఈ మాట నమ్మినవారు కాపురం పెట్టడానికి ఏం కావాలో అవే కట్టుకున్నారు. వంట గిన్నెలు, దుప్పట్లు, పిల్లల బట్టలు, కత్తెర, మందుల సీసాలు, కళ్లజోడు. ఇంటికి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నారు. పోలండ్‌లోని సోబిబోర్ హత్యా శిబిరం స్థలంలో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో తాళం చెవులు, పిల్లల పేర్లు చెక్కిన లోహపు బిళ్లలు బయటపడ్డాయి. సోబిబోర్‌కు తెచ్చినవారిలో అత్యధికులను అదే రోజు చంపేశారు. తిరిగి ఇంటికి వెళ్తామన్న ఆశ చివరి నిమిషం దాకా వారి జేబుల్లోనే ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సామాను తెచ్చుకోనివ్వడం దయ కాదు. దాని వల్ల రెండు పనులు జరిగేవి. జనం గొడవ చేయకుండా రైలు ఎక్కేవారు. విలువైనవన్నీ బాధితులే స్వయంగా సర్ది, మోసుకొచ్చి ఒకచోట చేర్చేవారు.

ఆష్విట్జ్‌లో రైలు దిగగానే సామాను ప్లాట్‌ఫామ్ మీదే వదిలేయమనేవారు, తర్వాత ఇస్తామని చెప్పేవారు. అక్కడికి తెచ్చిన సుమారు 11 లక్షల మంది యూదుల్లో దాదాపు 9 లక్షల మందికి ఖైదీ నంబరు కూడా ఇవ్వలేదు. నేరుగా గ్యాస్ చాంబర్లకు పంపారు. మ్యూజియంలోని గిన్నెల కుప్పను చూసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది. ఆ గిన్నెల సొంతదారుల్లో ఎక్కువమంది ఒక్క రోజు కూడా ఖైదీలుగా లేరు.

'కెనడా' గోదాములు, ఒక సర్క్యులర్

వదిలేసిన సామాను లారీల్లో గోదాములకు చేరేది. ఖైదీలు ఆ గోదాములకు 'కెనడా' అని పేరు పెట్టుకున్నారు. వారి ఊహలో కెనడా సంపన్న దేశం. ఆష్విట్జ్‌లోనే భాగమైన బిర్కెనౌ శిబిరంలో ఇలాంటివి 30 బారకులు ఉండేవి. అక్కడ పనిచేసిన ఖైదీలు, ముఖ్యంగా మహిళలు, సూట్‌కేసులు విప్పి, బట్టల కుట్లు తడిమి, దాచిన నగలు తీసి, దేనికది వేరుచేసేవారు. హంగరీ నుంచి 1944 మే మధ్య నుంచి జులై 9 దాకా సుమారు 4,30,000 మందిని తీసుకొచ్చినప్పుడు ఈ గోదాములు పట్టక సామాను బయట గుట్టలుగా పడి ఉండేది.

ఆ సామాను ఎక్కడికి వెళ్లాలో అంతకు రెండేళ్ల ముందే నిర్ణయమైపోయింది. శిబిరాలను నడిపిన నాజీ సాయుధ సంస్థ ఎస్ఎస్. దాని ఆర్థిక, పరిపాలన కార్యాలయంలో పెద్ద అధికారి ఆగస్ట్ ఫ్రాంక్ 1942 సెప్టెంబర్ 26న పోలండ్‌లోని లుబ్లిన్, ఆష్విట్జ్ శిబిరాల అధికారులకు ఒక సర్క్యులర్ పంపాడు. ఆ కాగితంలోని వివరం చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే అందులో కోపం గానీ ద్వేషం గానీ ఎక్కడా కనిపించవు, అంతా స్టోర్ కీపర్ భాషే. నగదు జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన రైష్ బ్యాంకు ఖాతాకు వెళ్లాలి. గడియారాలు, ఫౌంటెన్ పెన్నులు, షేవింగ్ సామాను, జేబు కత్తులు, కత్తెరలు బాగుచేయించి సైనికులకు పంపాలి. కళ్లజోళ్లు వైద్య విభాగానికి ఇవ్వాలి. పరుపులు, దుప్పట్లు, గొడుగులు, థర్మాస్ ఫ్లాస్కులు, పిల్లల్ని తిప్పే బండ్లు, దువ్వెనలు, అద్దాలు, చెంచాలు, ఫోర్కులు, సూట్‌కేసులు ఆక్రమిత ప్రాంతాల్లో స్థిరపరుస్తున్న జర్మన్ సంతతివారి సంస్థకు చేరాలి. బట్టల మీద కుట్టిన యూదు నక్షత్రాన్ని ముందుగా ఊడదీయాలి.

అదే సర్క్యులర్‌లో ఇంకో ఆదేశం ఉంది. ఇకపై ఈ ఆస్తిని దొంగతనాల నుంచి, దొంగ సొత్తు కొనుగోళ్ల నుంచి, అక్రమ నిల్వల నుంచి వచ్చిన సరుకుగా కాగితాల్లో రాయాలి. దొంగ సొత్తు అనే ముద్ర దోచుకున్నవాడి మీద కాక దోపిడీకి గురైనవాడి మీద పడిందన్నమాట.

ఇదే పని పశ్చిమ యూరప్‌లో ఖాళీ ఇళ్లలో జరిగింది. యూదుల ఇళ్లలోని సామాన్లన్నీ ఊడ్చుకెళ్లే పథకం 1942లో మొదలైంది. ఒక్క పారిస్‌లోనే సుమారు 38 వేల ఫ్లాట్లు ఖాళీ చేశారు. 1943 జులై నుంచి 1944 ఆగస్ట్ దాకా ఆ సామాన్లను వేరుచేసేందుకు నగరం మధ్యలోనే మూడు చిన్న శిబిరాలు నడిచాయి. వాటిలో ఒకటి లెవితాన్ అనే ఫర్నిచర్ దుకాణం భవనం. ఆ మూడు శిబిరాల్లో కలిపి సుమారు 800 మంది ఖైదీలు కప్పులు, పళ్లేలు, దీపాలు, బొమ్మలు తుడిచి, అమర్చి, పెట్టెల్లో సర్దేవారు. పెట్టె విప్పితే తమ ఇంటి సామానే కనిపించినవారూ వారిలో ఉన్నారు.

1945 జనవరి 27న సోవియట్ సైన్యం ఆష్విట్జ్ చేరేసరికి ఎస్ఎస్ వాళ్లు 'కెనడా' గోదాములకు నిప్పు పెట్టి వెళ్లారు. ఆరు బారకులు మాత్రం సగం సగం మిగిలాయి. వాటిలోనే సుమారు 3,70,000 పురుషుల సూట్లు, 8,37,000 మహిళల దుస్తులు దొరికాయి. నేడు మ్యూజియంలో ఉన్న 1,10,000 బూట్లు, 3,800 సూట్‌కేసులు, 12,000కు పైగా వంట సామాన్లు ఆ మిగిలినదాంట్లో భాగమే. జర్మనీకి వెళ్లిపోయినదాంతో పోలిస్తే ఇది కొసరు మాత్రమే.

శిబిరం లోపల చెంచా ధర

ఇక రెండో చరిత్ర. పనికి పనికొస్తారని ఎంపికైనవారి దగ్గర బట్టలతో సహా అన్నీ తీసేసుకునేవారు. గుండు గీసి, నంబరు పొడిచి, చారల బట్టలు, చెక్క చెప్పులు ఇచ్చేవారు. అక్కడి నుంచి ఖైదీ జీవితం సున్నా వస్తువులతో మొదలయ్యేది.

ఆష్విట్జ్‌లో సాధారణ ఖైదీకి దొరికే తిండి సుమారుగా ఇది: పొద్దున కాఫీ పేరుతో రంగునీళ్లు, మధ్యాహ్నం ముప్పావు లీటరు సూప్, సాయంత్రం 300 గ్రాముల రొట్టె, దానిమీదకు కొద్దిగా మార్గరీన్ లేదా సాసేజ్. ఇందులో సూప్ తాగడానికి గిన్నె కావాలి, అడుగున ఉన్న దుంప ముక్క తీసుకోవడానికి చెంచా కావాలి. చెంచా ఇచ్చేవారు కాదు.

1944 ఫిబ్రవరిలో ఆష్విట్జ్‌లోని మోనోవిట్జ్ శిబిరానికి చేరిన ఇటలీ రసాయన శాస్త్రవేత్త ప్రైమో లెవీ ఈ సంగతిని తర్వాత వివరంగా నమోదు చేశారు. కొత్తవారు కుక్కల్లా సూప్‌ను నాకి తాగాల్సి వచ్చేది. చెంచా కావాలంటే బ్లాక్ మార్కెట్‌లో కొనాలి. మామూలు ధర సగం రోజు రొట్టె, లేదా లీటరు సూప్. కొత్తవాళ్ల దగ్గర ఇంకా ఎక్కువ గుంజేవారు. విముక్తి తర్వాత గోదాముల్లో చూస్తే వేలాది కొత్త ప్లాస్టిక్ చెంచాలు, వాటితో పాటు బాధితుల సామాను నుంచి తీసిన అల్యూమినియం, స్టీలు, వెండి చెంచాలు పదుల వేల సంఖ్యలో ఉన్నాయి. కాబట్టి చెంచాలు లేక ఇవ్వకపోవడం జరగలేదు. మనిషిని కించపరచడమే ఉద్దేశమని లెవీ తేల్చారు.

ఈ ఒక్క వివరంలో రెండు చరిత్రలూ ఎదురెదురు పడతాయి. గోడకు ఒకవైపు చెంచాల కుప్ప, రెండోవైపు అదే వస్తువు కోసం సగం రోజు తిండి వదులుకున్న మనిషి. ఫ్రాంక్ సర్క్యులర్‌లో చెంచా పంపిణీ సరుకు. ఖైదీకి అదే చెంచా మనిషిలా తినడానికి ఉన్న ఒకే దారి.

గిన్నె కథ ఇంకా బాధాకరం. బిర్కెనౌ మహిళా శిబిరం నుంచి బతికి బయటపడినవారి సాక్ష్యాల్లో ఒక గిన్నెను కొందరు కలిసి వాడుకున్న సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది. అదే గిన్నెలో సూప్, అదే గిన్నెతో కడుక్కోవడం, రాత్రి బారక్ దాటి బయటికి వెళ్లే వీల్లేనప్పుడు మూత్రానికీ అదే. గిన్నె పోతే సూప్ పోయినట్టే, అందుకని నడుముకు తాడుతో కట్టుకునేవారు. రాత్రి బూట్లు, గిన్నె తల కింద పెట్టుకుని పడుకునేవారు.

మిగతా చిన్న వస్తువుల విలువా ఇలాగే ఖరారయ్యేది. బొత్తాం ఊడితే దెబ్బలు పడేవి, కాబట్టి సూది, దారం ఆస్తి. తీగ ముక్క ఉంటే చెప్పు జారకుండా కట్టుకోవచ్చు. ఖాళీ సిమెంటు సంచి కాగితం చొక్కా లోపల పెట్టుకుంటే చలి కొంత ఆగుతుంది, పట్టుబడితే శిక్ష తప్పదు. చెంచా పిడిని రాయి మీద అరగదీసి పదును పెడితే రొట్టె కోసుకునే కత్తి అయ్యేది. రొట్టెను సరిగ్గా సగం చేయగలగడం, సగం రేపటికి దాచుకోగలగడం బతుకు లెక్కలో భాగం.

అందరు ఖైదీలకూ ఒకే పరిస్థితి కాదు

ఎవరి దగ్గర ఏం మిగిలిందన్నది మూడు విషయాల మీద ఆధారపడింది. ఖైదీ ఏ వర్గానికి చెందినవాడు, ఏ శిబిరం, ఏ పని.

వర్గం సంగతి ముందు. 1942 చివర్లో శిబిరాల ఖైదీలకు ఇంటి నుంచి పార్సిళ్లు రావచ్చని అనుమతించారు. పోలిష్ రాజకీయ ఖైదీల వంటివారికి దానితో ఆహారం కొంత అందింది. యూదులకు, సోవియట్ యుద్ధ ఖైదీలకు ఆ అవకాశం లేదు. చాలామంది యూదులకైతే పార్సిల్ పంపే కుటుంబమే మిగల్లేదు.

పని వల్ల వచ్చే తేడా కూడా పెద్దదే. ఫ్యాక్టరీలో పనిచేసేవారికి లోహపు ముక్కలు, వైరు, ప్లాస్టిక్ దొరికేవి. అందుకే ఇప్పుడు మ్యూజియంలలో ఉన్న ఖైదీల చేతి వస్తువుల్లో చాలా వాటికి మూలం కార్ఖానా చెత్తే. జుట్టు మళ్లీ పెరిగిన మహిళలు లోహపు రేకు కోసి దువ్వెనలు చేసుకున్నారు. దువ్వెన అలంకారం కోసం అనుకుంటే పొరపాటు. పేలు టైఫస్ అనే ప్రాణాంతక జ్వరాన్ని వ్యాపింపజేసేవి, టైఫస్ సోకినవారిని గ్యాస్ చాంబర్‌కు పంపేవారు. తల శుభ్రంగా ఉంచుకోవడం ప్రాణం నిలబెట్టుకునే పని. తనను తాను మనిషిగా చూసుకోవడమూ అందులో ఉంది, రెంటినీ విడదీయలేం.

బెర్లిన్‌కు ఉత్తరాన 1939లో తెరిచిన రావెన్స్‌బ్రూక్ మహిళా శిబిరం నుంచి ఇలాంటి చేతిపనులు చాలా మిగిలాయి. టూత్‌బ్రష్ పిడిలో చెక్కిన వేలెడంత బొమ్మలు, గుడ్డ పీలిక మీద కుట్టిన పేర్లు, పుట్టినరోజు కానుకలు. అక్కడ కుట్టు వర్క్‌షాపులు, పక్కనే సీమెన్స్ కర్మాగారం ఉండటంతో దారం, ప్లాస్టిక్ చేతికి చిక్కేవి. ఆష్విట్జ్‌లోనూ ఇలాంటిది అసాధ్యం కాలేదు. 1944 డిసెంబర్‌లో యూనియన్ ఆయుధ కర్మాగారంలో పనిచేస్తున్న ఒక యువతికి 20 ఏళ్లు నిండినప్పుడు తోటి ఖైదీలు గుండె ఆకారంలో బుల్లి పుస్తకం చేసి, గుడ్డ తొడుగు కుట్టి, అందరూ శుభాకాంక్షలు రాసి ఇచ్చారు. కాగితం, కత్తెర, పెన్సిల్, దారం అన్నీ నిషిద్ధమే. ఆ పుస్తకం ఇప్పుడు మాంట్రియల్ హోలోకాస్ట్ మ్యూజియంలో ఉంది.

చెక్ భూభాగంలోని టెరెజీన్ గెట్టోలో (యూదులను నిర్బంధించిన పట్టణ ప్రాంతం) నియమాలు కాస్త వేరు. అక్కడివారి దగ్గర సూట్‌కేసు, కొద్దిపాటి సొంత సామాను ఉండేవి. కానీ ఆకలి అంతే. టెరెజీన్‌లో సుమారు 33 వేల మంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు, సుమారు 88 వేల మందిని తూర్పు శిబిరాలకు పంపేశారు. అక్కడ మీనా పెష్టర్ అనే వృద్ధురాలు, తోటి మహిళలు కలిసి కేకులు, మాంసం వంటకాలు, పండుగ పిండివంటలు ఎలా చేయాలో కాగితాల మీద రాసుకున్నారు. ఆమె 1944లో అక్కడే చనిపోయారు. కాగితాల కట్ట ఆమె చెప్పినట్టే చేతులు మారుతూ, పాతికేళ్లకు న్యూయార్క్‌లో ఉన్న కూతురికి చేరింది.

ఆకలితో చస్తూ వంటకాలు ఎందుకు రాసుకున్నారన్నది చాలామందికి అర్థం కాదు. ఇతర శిబిరాల మహిళల సాక్ష్యాల్లోనూ ఇదే కనిపిస్తుంది కాబట్టి ఒకరిద్దరి వింత అలవాటుగా కొట్టిపారేయలేం. ఇల్లు నడిపిన మనిషికి వంట తెలియడం ఒక హోదా, ఒక గుర్తింపు. ఇల్లు, పొయ్యి, గిన్నె పోయాక ఆ గుర్తింపు తెలివిలో మాత్రమే మిగిలింది. దాన్ని తనిఖీలో లాక్కోలేరు.

మిగిలినవాటిని ఏం చేస్తున్నారు

ఆష్విట్జ్ మ్యూజియం 1947లో ఏర్పడింది. వస్తువులు ఇప్పటికీ కొత్తగా బయటపడుతూనే ఉన్నాయి. 1967లో మూడో గ్యాస్ చాంబర్ శిథిలాల దగ్గర తవ్వకాలు జరిపారు. అప్పుడు దొరికిన 16 వేలకు పైగా వస్తువులు అట్టపెట్టెల్లో పోలిష్ సైన్స్ అకాడమీ భవనంలో ఉండిపోయాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత 2016లో వాటిని వెతికి పట్టుకున్నారు. థర్మామీటర్లు, ఖాళీ మందు సీసాలు, బ్రష్షులు, చెంచాలు, తాళం చెవులు అందులో ఉన్నాయి. గ్యాస్ చాంబర్ గుమ్మం దాకా మనుషుల చేతుల్లో, జేబుల్లో ఏం ఉందో చెప్పే సాక్ష్యం ఇంత దగ్గరగా ఇంకోటి లేదు.

అదే ఏడాది ఒక ఎనామిల్ మగ్గును సంరక్షిస్తుండగా దాని అడుగు రెండు పొరలుగా ఉందని తేలింది. తుప్పు పట్టి పై పొర విడిపోతే కింద గుడ్డలో చుట్టిన బంగారు ఉంగరం, గొలుసు కనిపించాయి. ఎస్ఎస్ తనిఖీలకు, దశాబ్దాల ప్రదర్శనకు అది చిక్కలేదు. ఆ మగ్గు ఎవరిదో చెప్పే ఆనవాలు ఏదీ లేదు.

సంరక్షణకూ హద్దులున్నాయి. తోలు ఎండిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. సుమారు 8 వేల పిల్లల బూట్లను కాపాడేందుకు 2023లో ప్రత్యేక ప్రాజెక్టు చేపట్టారు. వాటిని కొత్తవాటిలా మెరిపించరు, అరుగుదల అలాగే ఉంచి ఇంకా పాడవకుండా ఆపుతారు. తల వెంట్రుకలకు మాత్రం రసాయనాలు వాడరు. అవి వస్తువులు కావు, మనుషుల అవశేషాలు. ఇది సరైన గీత అనే చెప్పాలి.

యాజమాన్యం మీద తగువు వచ్చిన సందర్భమూ ఉంది. 2005లో ఆష్విట్జ్ నుంచి పారిస్ హోలోకాస్ట్ స్మారక కేంద్రానికి అరువు ఇచ్చిన సూట్‌కేసు మీద ఒకాయన తన తండ్రి పేరు చూశారు. అది ఆష్విట్జ్‌కు తిరిగి వెళ్లకూడదని కోర్టుకు వెళ్లారు. మ్యూజియం వాదన వేరే. ఒక్కొక్క వస్తువూ వెళ్లిపోతే నేరం జరిగిన చోట సాక్ష్యం మిగలదు. 2009లో రాజీ కుదిరింది, సూట్‌కేసు దీర్ఘకాలిక అరువు మీద పారిస్‌లోనే ఉండిపోయింది. రెండు వైపులా న్యాయం ఉన్న తగువు ఇది. వేలం పాటలకు అలాంటి సమర్థన దొరకదు. అక్కడ కుటుంబమూ ఉండదు, చరిత్రా ఉండదు, ధర మాత్రమే ఉంటుంది. పైగా ధర పలికిన చోట నకిలీ వస్తువులు తయారవుతాయి, స్థలాల నుంచి దొంగతనాలు జరుగుతాయి. 2015లో 'కెనడా' గోదాముల స్థలంలో బొత్తాలు, గాజు ముక్కలు ఏరుకున్న ఇద్దరు బ్రిటిష్ విద్యార్థులు పట్టుబడ్డారు.

బతికి బయటపడినవారు తగ్గిపోతున్న కొద్దీ ఇళ్లలో ఉన్న వస్తువుల కథ కూడా పోతోంది. పేరు, ఊరు, ఎలా దాచారన్న మాట లేకపోతే చేతితో చేసిన దువ్వెన పాత రేకు ముక్కగా మిగులుతుంది. జెరూసలేంలోని యాద్ వాషెమ్ ఈ కారణంతోనే 2011లో కుటుంబాల దగ్గర నుంచి వస్తువులు, వాటి వెనక కథలు కలిపి సేకరించే కార్యక్రమం మొదలుపెట్టింది.

జర్మనీలోని బాడ్ ఆరోల్సెన్‌లో నాజీ బాధితుల పత్రాల భాండాగారం ఉంది. సుమారు కోటీ 75 లక్షల మందికి సంబంధించిన సమాచారం అక్కడ ఉంది. గడియారాలు, పెళ్లి ఉంగరాలు, పర్సులు, కుటుంబ ఫొటోలు ఉన్న కవర్లు కూడా వేల సంఖ్యలో అక్కడికి చేరాయి. 2016 నుంచి ఆ సంస్థ కుటుంబాలను వెతికి వాటిని తిరిగి ఇస్తోంది. ఆ కవర్లలో ఎక్కువ భాగం హాంబర్గ్ దగ్గరి నోయెన్‌గామె శిబిరానివి, చాలావరకు రాజకీయ ఖైదీలవి, పోలండ్, సోవియట్ ప్రాంతాల నుంచి తెచ్చిన బలవంతపు కూలీలవి. యూదులవి అందులో చాలా తక్కువ. కవరు మీద పేరు, నంబరు రాసి భద్రపరచడం అంటే ఆ మనిషి ఎప్పుడైనా విడుదల కావచ్చని కనీసం కాగితం మీద ఒప్పుకోవడం. యూదుల సామానుకు అలాంటి కవర్లు పెట్టలేదు, అది నేరుగా పంపిణీ జాబితాలోకి వెళ్లింది.